తేలే వనం గురించి మనం చెప్పనిది

ప్రపంచంలో నీటిపై తేలే ఏకైక జాతీయ వనం ఏది? ఈ ప్రశ్నకు "కైబుల్ లాంజావ్" అనే జవాబు నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులలో పలువురికి కంఠస్థం. అది మణిపూర్ రాష్ట్రంలో ఉన్నదనీ, అందులో సంగాయ్ అనే అరుదైన దుప్పి నివసిస్తున్నదనీ కూడా వారు తడుముకోకుండా చెప్పగలరు. పోటీ పరీక్షల పుస్తకాలలోను, వార్తాపత్రికల పిల్లల పుటలలోను, యాత్రికుల కరపత్రాలలోను ఈ సంగతి దాదాపు ఒకే మాటలలో కనబడుతుంది. "తేలే వనం", "నాట్యమాడే దుప్పి", "అంతరించి మళ్ళీ దొరికిన జంతువు", "మానవ చర్యల వలన ముప్పు" - ఈ నాలుగు మాటలు ఆ వనాన్ని గూర్చిన రచనలకు నాలుగు స్తంభాలవలె నిలిచిపోయినవి.

వీటిలో ఏ ఒక్కటీ పచ్చి అబద్ధం కాదు. ఐనా ఈ నాలుగింటినీ చదివిన విద్యార్థికి ఆ వనం ఎట్లా బ్రతుకుతున్నదో, ఏ కారణం చేత క్షీణిస్తున్నదో తెలియదు. వైజ్ఞానిక రచనకు ఇది చిన్న లోపం కాదు. వింతను చూపించి, ఆ వింత వెనుక ఉన్న కార్యకారణ సంబంధాన్ని దాటవేసే రచన సమాచారం కావచ్చును గాని శాస్త్రం కానేరదు. కనుక ఈ నాలుగు మాటలను ఒక్కొక్కటిగా తీసుకొని, ప్రతిదీ ఏమి చెబుతున్నదో, ఏమి దాచుతున్నదో ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా ఆ ప్రదేశం

మణిపూర్ లోయ చుట్టూ కొండలు కోటగోడవలె నిలిచి ఉంటాయి. ఆ లోయ దక్షిణ భాగంలో, ఇంఫాల్ నగరానికి సుమారు 50 కి.మీ. దూరంలో లోక్‌తక్ సరస్సు ఉన్నది. ఈశాన్య భారతంలో ఇదే అతి పెద్ద మంచినీటి సరస్సు. దీని ఆగ్నేయ భాగంలో దాదాపు 40 చదరపు కి.మీ. మేర కైబుల్ లాంజావ్ వ్యాపించి ఉన్నది. 1966లో ఇది అభయారణ్యమైనది. 1977లో జాతీయ వనంగా ప్రకటింపబడినది. సరస్సు మొత్తం 1990లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో, అనగా రామ్‌సర్ జాబితాలో చేరినది.

ఈ వనంలో అధిక భాగం నేల కాదు. నీటిపై పరుచుకొన్న దట్టమైన తెట్టు. దీనిని మణిపూర్ ప్రజలు ఫుమ్‌డి అంటారు. చచ్చిన మొక్కలు, కుళ్ళుతున్న వేళ్ళు, ఒండ్రుమట్టి కలిసి పెనవేసుకొని ఏర్పడిన చాప ఇది. కొన్ని చోట్ల దీని మందం కొద్ది సెంటీమీటర్లు; మరి కొన్ని చోట్ల రెండు మీటర్ల వరకు ఉంటుంది. దానిపై రెల్లుజాతి గడ్డి, నీటి అడవివరి, మన కొల్లేటిలో కిక్కిస అని పిలిచే పొడుగాటి గడ్డి పెరుగుతాయి. సంగాయ్ ఈ గడ్డిలోనే మేస్తుంది, దీనిలోనే దాగుతుంది, దీనిలోనే పిల్లలను పెంచుతుంది. సంగాయ్‌తో పాటు పాడా జింకలు, అడవిపందులు, నీటికుక్కలు, అనేక జాతుల నీటిపక్షులు కూడా ఇక్కడ ఉన్నవి. వనం మధ్య పాబొత్, తోయా, చింగ్‌జావ్ అనే మూడు చిన్న గుట్టలున్నవి. వరదలు వచ్చినప్పుడు జంతువులకు అవే దిక్కు.

మొదటి మాట: "తేలే వనం"

ఫుమ్‌డి తేలుతుందన్నది నిజం. దాని మందంలో సుమారు ఐదింట నాలుగు వంతులు నీటిలో మునిగి ఉంటుంది. ఒక వంతు మాత్రమే పైకి కనబడుతుంది. ఆర్కిమిడిస్ సూత్రం చదివిన విద్యార్థికి ఈ ఒక్క సంగతి చాలు. తేలే వస్తువులో ఎన్నో వంతు మునిగి ఉన్నదో అదే దాని సాపేక్ష సాంద్రత. కనుక ఫుమ్‌డి సాపేక్ష సాంద్రత దాదాపు 0.8. ఇట్టి సులభమైన లెక్క చేతిలో ఉండగా, మన రచనలు దానిని వదలి "అద్భుతం" అనే విశేషణాన్ని పట్టుకొంటాయి.

లెక్కను ఇంకొక అడుగు ముందుకు తీసుకొనిపోదాం. ఒక మీటరు మందమున్న ఫుమ్‌డిలో ఒక చదరపు మీటరు ముక్కను ఊహించండి. దాని బరువు సుమారు 800 కిలోలు. అది పూర్తిగా మునిగితే 1000 కిలోల నీటిని తొలగిస్తుంది. అంటే ఇంకా 200 కిలోల బరువును మోసే శక్తి దానికి మిగిలి ఉన్నది. మందం అర మీటరుకు తగ్గితే ఆ శక్తి 100 కిలోలకు, 30 సెంటీమీటర్లకు తగ్గితే 60 కిలోలకు పడిపోతుంది. ఎదిగిన మగ సంగాయ్ బరువు సుమారు 100 కిలోలు. ఫుమ్‌డి ఒక ముక్క కాదు, పెనవేసుకొన్న చాప కనుక బరువు చుట్టుపక్కలకు కూడా పంచబడుతుంది. ఐనా సూత్రం మారదు: చాప పలచబడిన కొలది అది మోయగల బరువు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అరటి బోదెల తెప్పపై ఎక్కిన పల్లెటూరి పిల్లవానికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. నీటిలో నానుతూ, అడుగున కుళ్ళుతూ ఉండే ఈ చాప ఏండ్ల తరబడి మందంగా ఎట్లా నిలిచి ఉన్నది? "తేలే వనం" అనే మాట జవాబు చెప్పలేని ప్రశ్న ఇదే. ఎందుకనగా దీనికి జవాబు తేలడంలో లేదు, దిగడంలో ఉన్నది.

పూర్వం వర్షాకాలంలో సరస్సు నిండేది. ఫుమ్‌డి నీటితో పాటు పైకి లేచేది. శీతకాలం గడచి వేసవి వచ్చేసరికి నీరు తీసేది. ఫుమ్‌డి మెల్లగా దిగి సరస్సు అడుగున కూర్చొనేది. ఆ కొద్ది నెలలలో గడ్డి వేళ్ళు అడుగున ఉన్న మట్టిలోనికి చొచ్చుకొనిపోయి, అందులోని పోషక పదార్థాలను పీల్చుకొనేవి. మొక్కలు బలపడేవి, చాపకు కొత్త మట్టి, కొత్త వేళ్ళు సమకూడేవి. మళ్ళీ వానలు రాగానే బలిసిన చాప లేచి తేలేది. ఏటేటా కుళ్ళి పోయేది కొంత, ఏటేటా చేరేది కొంత. ఈ రాకడ పోకడల సమతుల్యమే ఫుమ్‌డి ఆయుస్సు.

కనుక కైబుల్ లాంజావ్ తేలడం వలన మాత్రమే బ్రతికిన వనం కాదు. ఏటా కొంతకాలం తేలకుండా ఉండడం వలన బ్రతికిన వనం. దీనిని "తేలే వనం" అని మాత్రమే చెప్పి ఊరుకోవడం, మనిషిని "మెలకువగా ఉండే ప్రాణి" అని నిర్వచించి నిద్రను మరచిపోవడం వంటిది.

1983లో ఏమి జరిగినది? లోక్‌తక్ జలవిద్యుత్ పథకం కొరకు మణిపూర్ నదిపై ఇథాయ్ వద్ద కట్టిన బారేజి పనిలోకి వచ్చినది. సరస్సులో నీటిని ఎత్తుగా నిలిపి, కొండల గుండా సొరంగంలో పడమటి వైపునకు మళ్ళించి, ఒక్కొక్కటి 35 మెగావాట్ల చొప్పున మూడు యంత్రాలతో 105 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి చేయడం ఈ పథకం ఉద్దేశం. యంత్రాలకు ఏడాది పొడుగునా నీరు కావలెను. అందుచేత సరస్సు మట్టాన్ని సముద్రమట్టానికి సుమారు 768.5 మీటర్ల ఎత్తున నిలిపి ఉంచసాగారు. దానితో వేసవిలో నీరు తీయడం దాదాపు ఆగిపోయినది. ఫుమ్‌డికి అడుగు అందడం లేదు. వేళ్ళకు మట్టి దొరకడం లేదు. కుళ్ళు మాత్రం యథాప్రకారం సాగుతున్నది. ఆదాయం తగ్గి ఖర్చు తగ్గని కుటుంబం వలె చాప ఏటేటా పలచబడుతున్నది.

ఈ దృష్టితో చూస్తే మన ప్రశ్నావళి పుస్తకాల ప్రశంస ఎంత విపరీతంగా ఉన్నదో తెలుస్తుంది. ఏడాది పొడుగునా తేలడమే ఈ వనానికి వచ్చిన జబ్బు. మన పుస్తకాలు ఆ జబ్బు లక్షణాన్నే బిరుదుగా తగిలించి ఊరేగిస్తున్నవి.

రెండవ మాట: "నాట్యమాడే దుప్పి"

సంగాయ్ అందమైన జంతువు. మగదాని కొమ్ములలో నుదుటి మీది కొమ్మ ముందుకు వంగి, వెనుకకు పోయే ప్రధాన కొమ్ముతో కలిసి ఒకే విల్లువలె కనబడుతుంది. మెత్తని ఫుమ్‌డి మీద నడిచేటప్పుడు అది గిట్టల కొనలపై మాత్రమే గాక, గిట్టకు పైనున్న కాలి వెనుక భాగాన్ని కూడా ఆనించి అడుగు వేస్తుంది. ఇందువలన బరువు ఎక్కువ వైశాల్యం మీద పడి కాలు దిగబడకుండా ఉంటుంది. ఈ నడక చూపరులకు నాట్యంలా తోస్తుంది. ఆ పేరు అట్లా వచ్చినది.

"నాట్యం" అన్నప్పుడు విద్యార్థికి కలిగే భావం విలాసం. కాని ఇది పీడనానికి, వైశాల్యానికి ఉన్న సంబంధాన్ని కాళ్ళతో సాధించిన జంతువు కథ. భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం ఒకే పాఠంలో కలిసే ఇట్టి సందర్భాలు ఉపాధ్యాయునికి తరచుగా దొరకవు. దొరికినదానిని అలంకారంగా మార్చి వృథా చేసుకొంటున్నాము.

ఈ మాటలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఇది చదివినవారు సంగాయ్ తేలే గడ్డి కొరకే పుట్టిన జంతువని అనుకొంటారు. ఈ జాతి శాస్త్రీయ నామం రూసెర్వస్ ఎల్డై. దీనిలో మూడు ఉపజాతులను గుర్తించారు. మయన్మార్‌లోని ఉపజాతి ఆకురాల్చే పొడి అడవులలో తిరుగుతుంది. ఇండోచైనా ప్రాంతాలకు చెందినది మరొకటి. మణిపూర్ ఉపజాతి ఒక్కటే చిత్తడిలో మిగిలినది. అది కూడా ఒకప్పుడు లోయలో చాలా చోట్ల ఉండేది. మనుషులు, సేద్యం, వేట పెరిగిన కొలది చివరకు ఈ సరస్సు మూలకు వచ్చి చేరినది. కనుక ఫుమ్‌డి సంగాయ్ పుట్టినిల్లు మాత్రమే కాదు. దాని చివరి ఆశ్రయం కూడా. ఈ రెంటికీ భేదం ఉన్నది. పుట్టింటిలో ఉన్నవానిని చూచి మనం నిశ్చింతగా ఉండవచ్చు. చివరి ఆశ్రయంలో ఉన్నవాని విషయంలో ఆ ఇంటికప్పు గురించి కూడా అడగవలెను.

మూడవ మాట: "అంతరించి మళ్ళీ దొరికిన జంతువు"

1951లో సంగాయ్ అంతరించినదని ప్రకటించారు. ఆ దశాబ్దంలోనే ఇ. పి. జీ అనే ప్రకృతి పరిశీలకుడు కైబుల్ లాంజావ్‌లో అది ఇంకా ఉన్నదని లోకానికి తెలియజేశాడు. 1975లో విమానం నుండి లెక్కించినప్పుడు 14 మాత్రమే కనబడినవి: మగవి 5, ఆడవి 6, పిల్లలు 3. తరువాతి లెక్కలలో 2003లో 180, 2013లో 204, 2016లో 260 అని తేలినది. 14 నుండి 260! మన రచనలు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి కథను మంగళంగా ముగిస్తాయి.

రక్షణ వలన లాభం కలిగిన మాట వాస్తవం. వేటను అరికట్టిన ఉద్యోగులు, కాపలాదారులు, స్థానిక సంఘాలు ఈ గౌరవానికి అర్హులు. కాని అంకెలను శాస్త్రదృష్టితో చదవవలసిన బాధ్యత మనపై ఉన్నది.

మొదటిది: "అంతరించినది" అనే మాట జంతువు గురించిన వాక్యమా, మన చూపు గురించిన వాక్యమా? మనిషి ఎత్తు మించిన గడ్డిలో, పడవ తప్ప దారి లేని చోట ఒక జంతువు కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఋజువు లేకపోవడం లేదనడానికి ఋజువు కాదన్న తర్కాన్ని పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏమున్నది?

రెండవది: లెక్కల మధ్య దూరాలను చూడండి. 2003 నుండి 2013 వరకు పది ఏండ్లలో పెరిగినవి 24. తరువాతి మూడు ఏండ్లలో పెరిగినవి 56. మొదటి దశలో ఏటికి ఒక శాతానికి కొంచెం పైన. రెండవ దశలో ఏటికి ఎనిమిది శాతం. జంతువులు నిజంగానే ఒక్కసారి అంత వేగంగా పెరిగినవా? లేక లెక్క పెట్టే పద్ధతి, ఆనాటి గడ్డి ఎత్తు, పరిశీలకుల సంఖ్య మారినవా? అంకెలను మాత్రమే చూచి దీనికి జవాబు చెప్పలేము. ఐతే ఈ ప్రశ్న వేయని రచన అంకెలను అలంకారంగా వాడుకొన్నదే గాని ప్రమాణంగా వాడుకొనలేదు.

మూడవది: సంఖ్య కోలుకొన్నంత మాత్రాన జన్యు వైవిధ్యం కోలుకొనదు. 1975లో కనబడిన ఎదిగిన జంతువులు పదకొండు. ఆనాడు కొన్ని కనబడకుండా తప్పించుకొని ఉండవచ్చు. ఐనా నేటి మంద అంతా అతి కొద్దిపాటి పూర్వీకుల సంతానమే. అంత చిన్న మందలో తరతరానికీ కొన్ని జన్యు రూపాలు కేవలం యాదృచ్ఛికంగా జారిపోతాయి. ఒకసారి జారిపోయినవి మంద వందలకు పెరిగినా తిరిగి రావు. దగ్గరి చుట్టాల మధ్య సంపర్కం పెరిగితే పిల్లలలో బలహీనతలు బయటపడే అవకాశం ఎక్కువ. ఒక అంటువ్యాధి వచ్చినా, ఒక పెద్ద వరద వచ్చినా తట్టుకొనే శక్తి అందరికీ ఒకే రీతిగా తక్కువ. పైగా స్వేచ్ఛగా తిరిగే సంగాయ్ లోకంలో మరెక్కడా లేదు. గుడ్లన్నీ ఒకే బుట్టలో ఉన్నవి. ఆ బుట్ట అడుగు పలచబడుతున్నది. రెండవ నివాసం ఒకటి ఏర్పరచవలెనన్న ఆలోచన చాలాకాలంగా ఉండడానికి కారణం ఇదే.

నాలుగవ మాట: "మానవ చర్యల వలన ముప్పు"

నాలుగింటిలో నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఈ మాట. పర్యావరణ పాఠాలలో ఇది తాళపుచెవి లేని తాళం వంటిది. ఏ మానవుడు? ఏ చర్య? ఎప్పుడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా "మానవ చర్యలు" అని వ్రాస్తే, నేరం అందరి మీదా పడి ఎవరి మీదా నిలువదు.

లోక్‌తక్ విషయంలో చర్యలను విడదీసి చెప్పడం కష్టం కాదు. మొదటిది, పైన చెప్పిన బారేజి. దీని వలన ఒకే కారణం నుండి రెండు విరుద్ధ ఫలితాలు పుట్టినవి. వనం లోపల ఫుమ్‌డి పలచబడుతున్నది. వనం బయట సరస్సులో ఫుమ్‌డి ముక్కలు పేరుకొనిపోయి నీటిని కప్పివేస్తున్నవి. పూర్వం ఈ ముక్కలు వరద కాలంలో ఖోర్దక్ కాలువ గుండా మణిపూర్ నదిలోనికి కొట్టుకొనిపోయేవి. నేడు వాటికి దారి మూసుకొన్నది. మణిపూర్ నది నీరు చివరకు చింద్విన్ నదికి చేరుతుంది. చింద్విన్ ఐరావతిలో కలుస్తుంది. ఆ నదుల నుండి ఎదురెక్కి సరస్సుకు వచ్చే చేపల దారి కూడా బారేజి వద్ద తెగిపోయినది. ఒడ్డున వేల హెక్టార్ల సాగుభూమి నీటిలో చిక్కినది.

రెండవది, ఇంఫాల్ నగరం నుండి నంబుల్ నది మోసుకొని వచ్చే మురుగు. మూడవది, పరీవాహక ప్రాంతపు కొండలలో అడవులు తగ్గి కొట్టుకొనివచ్చే మట్టి. నాలుగవది, చేపల కొరకు ఫుమ్‌డిని వలయాకారంగా కట్టే పద్ధతి. ఎండాకాలానికి ముందు గడ్డిని కాల్చే అలవాటు. ఇవన్నీ మానవ చర్యలే. కాని వీటి బరువు ఒకటి కాదు, వీటిని చేసే మానవులు ఒకరు కారు.

ఈ భేదాన్ని చెప్పకపోతే ఏమి జరుగుతుంది? కంటికి కనబడే మనిషి మీదికి నేరం పోతుంది. లోక్‌తక్‌లో ఫుమ్‌డి మీదనే గుడిసెలు వేసుకొని చేపలు పట్టి జీవించే కుటుంబాలున్నవి. అందులో అనేకులకు ఒడ్డున భూమి లేదు. 2006లో సరస్సు రక్షణ కొరకు ఒక రాష్ట్ర చట్టం వచ్చినది. 2011 నవంబరులో వందలాది తేలే గుడిసెలను తొలగించి తగులబెట్టారు. సరస్సులో మితిమీరిన చేపల వలయాలు హాని చేస్తాయన్న వాదంలో బలం లేకపోలేదు. కాని గుడిసెలు తీసివేసినందువలన నీటి మట్టం ఒక అంగుళమైనా తగ్గదు. వనంలోని ఫుమ్‌డికి అడుగు అందదు. పాఠ్యపుస్తకంలో వదులుగా వ్రాసిన ఒక వాక్యం బయటి ప్రపంచంలో ఎవరి ఇంటి మీద పడుతుందో గ్రహించడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

దీనిని విద్యుత్తుకు వ్యతిరేకమైన వాదంగా పాఠకులు భావించరాదు. కొండల నడుమ ఉన్న ఒక రాష్ట్రానికి 105 మెగావాట్లు చిన్న వస్తువు కాదు. ఆ దీపాల వెలుగులో చదువుకొన్న విద్యార్థులూ ఉన్నారు. చెప్పవలసినది ఇంతే: ఇక్కడ తగవు మనిషికీ, జంతువుకూ మధ్య కాదు, యంత్రానికి కావలసిన వేసవి నీటికీ, వేళ్ళకు కావలసిన వేసవి మట్టికీ మధ్య. తగవును ఇట్లా చెప్పినప్పుడు పరిష్కారం కూడా కొలతలలోనికి వస్తుంది. ఏ నెలలో, ఎన్ని వారాల పాటు, ఎంత మేర మట్టం తగ్గిస్తే చాప అడుగును తాకుతుంది? అందువలన ఎంత విద్యుత్తు తగ్గుతుంది? ఆ లోటును ఎట్లా పూడ్చవచ్చు? ఎండు నెలలలో మట్టాన్ని తగ్గించవలెనని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇది ఇంజనీరుకు, జీవశాస్త్రజ్ఞునికి, జాలరికి కలిసి కూర్చొని మాట్లాడుకొనడానికి వీలున్న విషయం. "మానవ చర్యలు" అనే పొగమంచులో మాత్రం ఎవరూ ఎవరికీ కనబడరు.

చిలికా చెప్పే సాక్ష్యం

నీటి నడకను సవరిస్తే చిత్తడినేల కోలుకొంటుందా అన్న సందేహానికి మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉన్నది. శ్రీకాకుళానికి ఉత్తరాన, ఒడిశాలో ఉన్న చిలికా సరస్సు సముద్రంతో కలిసే ముఖం పూడిపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు సన్నగిల్లినవి. 1993లో దీనిని ఆపదలో ఉన్న రామ్‌సర్ ప్రదేశాల పట్టికలో చేర్చారు. మాంట్రో పట్టిక అని పేరుగల ఆ పట్టికలోనికి అదే సంవత్సరం లోక్‌తక్ కూడా ఎక్కినది. 2000లో చిలికాకు సముద్రంలోనికి కొత్త ముఖం తెరిచారు. ఉప్పునీటి రాకపోకలు కుదుటపడినవి. చేపలు, రొయ్యలు, పీతలు పెరిగినవి. 2002లో చిలికా పేరును ఆ పట్టిక నుండి తొలగించారు. లోక్‌తక్ పేరు తొలగలేదు.

రెండు సరస్సులకూ జబ్బు ఒకటి కాదు, మందూ ఒకటి కాదు. చిలికాకు నీటి దారి తెరవవలసి వచ్చినది. లోక్‌తక్‌కు నీటి మట్టం దిగవలసి ఉన్నది. కాని రెండింటిలోను పాఠం ఒకటే. చిత్తడినేలను రక్షించడమంటే కంచె వేయడం కాదు, జంతువును లెక్కపెట్టడం కాదు. ముందుగా నీటి నడకను తెలుసుకొనడం. మన కొల్లేరు విషయం కూడా ఇంతే. 1999లో దానిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఎల్లను ఐదవ కాంటూరు అనే మట్టపు గీతతో నిర్ణయించారు. ఆనాటి నుండి అక్కడి వివాదాలన్నీ ఆ గీత చుట్టూనే తిరుగుతున్నవి. ఏలూరు, భీమవరం ప్రాంతాల విద్యార్థికి లోక్‌తక్ కథను నీటి మట్టపు కథగా చెబితే అది దూరపు వింతగా ఉండదు; తన ఊరి భాషగా వినబడుతుంది.

పాఠం ఎట్లా ఉండవలెను?

వైజ్ఞానిక రచయితకు ఆకర్షణ అవసరం లేదని నేను అనను. పిల్లలు ముందు ఆశ్చర్యపడనిదే ప్రశ్న అడగరు. తేలే వనం అన్న మాట తలుపు తట్టడానికి మంచిదే. లోపలికి పోకుండా తలుపు దగ్గరే నిలబడి ఇల్లంతా చూచినామని చెప్పుకొనడమే తప్పు. పరీక్షల కొరకు వ్రాసేవారికి స్థలం తక్కువ, నిజమే. ఐతే "ఏటా నీరు తీసినప్పుడు అడుగుకు దిగి బలం పుంజుకొనే తేలే గడ్డిచాపలపై నిలిచిన వనం" అనడానికి ఎంత స్థలం కావలెను? ఒక్క పంక్తి. ఆ ఒక్క పంక్తిలో వృక్షశాస్త్రం, భౌతికశాస్త్రం, ఋతుచక్రం మూడూ ఉన్నవి.

దూరాన ఉన్నదనే కారణం కూడా మనల్ని అజాగ్రత్తకు లోను చేస్తుంది. మనం చూడబోము, మన విద్యార్థులలో నూటికి తొంబదిమంది చూడబోరు. కనుక ఒక పేరు, ఒక బొమ్మ చాలుననుకొంటాము. కాని చూడలేని చోటును గురించి చెప్పేటప్పుడే రచన మరింత నిక్కచ్చిగా ఉండవలెను. దగ్గర ఉన్నదానిలో తప్పు చెబితే పిల్లవాడు పోయి చూచి దిద్దుకొంటాడు. దూరాన ఉన్నదానిలో మన మాటే అతనికి కన్ను.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఒక తొట్టెలో చేసి చూపవచ్చు. తొట్టె అడుగున ఒండ్రుమట్టి పరచి, పైన నీరు పోసి, చెరువులో దొరికే వేళ్ళున్న గడ్డి తెట్టును రెండు ముక్కలు రెండు తొట్టెలలో వదలండి. ఒకదానిలో కొన్ని వారాలు నీటిని తగ్గించి తెట్టును మట్టిపై కూర్చోబెట్టండి. రెండవదానిలో నీటిని ఎప్పుడూ నిండుగా ఉంచండి. రెండు ముక్కల మందాన్ని, ఆకుల రంగును, వేళ్ళ పొడవును వారానికొకసారి కొలిచి విద్యార్థుల చేత పట్టిక వ్రాయించండి. తరువాత ఒక్కొక్క ముక్కపై చిన్న తూనికరాళ్ళు పెట్టి ఏది ఎంత బరువు మోయగలదో చూడండి. ఫలితం ఎట్లా వచ్చినా సరే, దానిని ఉన్నదున్నట్లు వ్రాయించి, కారణాలను తరగతిలో చర్చించండి.

ఆ పట్టిక పూర్తియైన తరువాత పరీక్షలో "నీటిపై తేలే ఏకైక జాతీయ వనం ఏది?" అని అడగనక్కరలేదు. "కైబుల్ లాంజావ్‌లో సరస్సు మట్టాన్ని వేసవిలో తగ్గించకపోతే సంగాయ్‌కు ఏమవుతుంది? ఎందువలన?" అని అడగండి. జవాబుకు పది పంక్తుల స్థలం ఇవ్వండి.